సంతకం లేని మూడో అధ్యాయం

కోర్టు ఎదురుగా ఉన్న వీధికి సెలవులు ఇచ్చేది కోర్టే. స్టాంపు పేపర్లు అమ్మే ఆయనకీ, నల్లకోట్లు కుట్టే దర్జీకీ, టీ కొట్టుకీ ఆ ఇనప గేటు తెరిస్తేనే బేరం. జడ్జిగారికి జ్వరమొస్తే ఆ పూట వీధంతా లంఖణమే. ఆ వరసలో నాలుగో గది టైపక్కది. లోపల ఒక గోడకి ఆమె కంప్యూటరు, ఎదుటి గోడకి ఆమె భర్త జిరాక్సు మిషను, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత చోటు. కాస్త ఒళ్ళున్న కక్షిదారు వస్తే జిరాక్సాయన తనే లేచి బయట నిలబడేవాడు. "కేసు మీది, గాలి కూడా మీరే పీల్చుకోండి" అనేవాడు.

టైపక్క చదువు ఊరి బడిలో పదో తరగతితో ఆగింది. తండ్రి ఆమెను టైపు నేర్పే చోట చేర్చి, "వేళ్ళు కదిలినంత కాలం ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు తల్లీ" అన్నాడట. పద్ధెనిమిదో ఏట కోర్టు వరండాలో అద్దె మిషను ముందు కూర్చుంది. యాభై ఒకటో ఏట కూడా అదే వీధిలో కూర్చునే ఉంది. మిషను పోయి కంప్యూటరు వచ్చింది గానీ, అక్షరాలు అరిగిపోయిన మీటల మీద ఆమె వేళ్ళు అదే వేగంతో నడిచేవి. పొద్దున్నే మీటల మీద రెండు అరచేతులూ ఆనించి, "దేవుడా, నా చేతి మీదుగా ఎవరికీ కీడు జరగనీయకు" అనుకుని గానీ పని మొదలుపెట్టేది కాదు.

ఆమెకు ఒక పట్టింపు ఉండేది. చదువు రాని వాళ్ళెవరైనా పిటిషను కొట్టించుకుంటే, వేలిముద్ర వేయించే ముందు పేరా పేరా చదివి వినిపించేది. ప్రతి పేరా చివరా ఆగి, "ఇది సరేనా?" అని అడిగేది. అవతల ప్లీడరు గుమాస్తా గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నా వినేది కాదు. "ఆయన జీవితం నాయనా ఇది. ఆయనకి తెలియకుండా ఆయన చేతే ఒప్పించడమేంటి?" అనేది. గుమాస్తాలు విసుక్కునేవాళ్ళు, పని మాత్రం ఆమెకే తెచ్చేవాళ్ళు.

అలాంటి గదికి ఒక ఉదయం ఫైనాన్సాయన వచ్చాడు.

పెద్ద వీధిలో అద్దాల తలుపుల ఫైనాన్సు కంపెనీ నడిపిన మనిషి. కంపెనీ మూతపడి, డిపాజిట్లు కట్టిన వాళ్ళు రోడ్డెక్కి, కేసు నడిచి, నాలుగేళ్ళ శిక్ష పడింది. పై కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. శిక్ష పూర్తి చేసుకుని వచ్చి మూడు నెలలైంది. అరవై ఏడేళ్ళ మనిషి, చొక్కా వదులైపోయి, గుడ్డ సంచీతో గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు. నాలుగేళ్ళు ప్రతి గుమ్మం దగ్గరా అడిగి అడిగి అలవాటైపోయినట్టుంది.

జిరాక్సాయన మొహం బిగుసుకుపోయింది. వాళ్ళ అమ్మ రెండో కంటి ఆపరేషనుకని దాచుకున్న సొమ్ము ఆ అద్దాల తలుపుల వెనకే పోయింది. ఆవిడ ఇప్పటికీ ఒక కంటితోనే బియ్యం ఏరుతోంది.

"పుస్తకం టైపు చేయాలమ్మా" అన్నాడు ఫైనాన్సాయన, సంచీలోంచి తొమ్మిది నోటు పుస్తకాలు తీస్తూ. "లోపల చూసిందంతా రాశాను. కోర్టులూ జైళ్ళూ ఎలా నడుస్తున్నాయో జనానికి తెలియాలి."

"మేం పిటిషన్లు కొడతాం సార్, కథలు కొట్టం" అన్నాడు జిరాక్సాయన.

"కథ కాదు బాబూ, నిజం."

"ఈ గుమ్మం ఎక్కిన వాళ్ళంతా ఆ మాటతోనే మొదలెడతారు."

ఫైనాన్సాయన ఆరో నోటు పుస్తకం విడిగా తీసి టైపక్క ముందు పెట్టాడు. "ఇది ఒక్కటి చదవండమ్మా. ఇందులో ఉన్న వడ్రంగి ఇంకా లోపలే ఉన్నాడు. బెయిలొచ్చి పద్నాలుగు నెలలైంది. బయటికెళ్ళి నీ సంగతి నలుగురికీ తెలిసేలా చేస్తానని అతనికి మాటిచ్చి వచ్చాను."

టైపక్క చదివింది. కొత్తగా కడుతున్న ఒక ఇంటికి వడ్రంగి తలుపులు బిగిస్తుండగా అక్కడ రాగి తీగ పోయింది. అతన్ని పట్టుకెళ్ళారు. నాలుగు నెలలకి బెయిలిచ్చారు. ఇద్దరు జామీను ఉండాలన్నారు, ఇద్దరికీ సొంత ఇల్లో పొలమో ఉండాలన్నారు. అతనికి భార్య లేదు, పిల్లల్లేరు, ఉన్న ఒక్క తమ్ముడు ఏ ఊళ్ళో పనిలో ఉన్నాడో తెలియదు. ఉచితంగా ఇచ్చిన లాయరు వేరే ఊరు వెళ్ళిపోయాడు. బెయిలు కాగితం ఫైల్లో ఉంది, మనిషి జైల్లో ఉన్నాడు. నేరం రుజువైనా రెండేళ్ళకి మించి శిక్ష పడదు. ఏడాదిన్నర అప్పటికే గడిచిపోయింది.

ఫైనాన్సాయన చేతిరాత అక్కడ కొంచెం వంకరపోయింది. "నా కేసు నడిచే రోజుల్లో నాకు బెయిలొచ్చిన సాయంత్రానికే మా బావగారూ తమ్ముడూ ఇంటి పత్రాలు పట్టుకుని నిలబడ్డారు. ఊరందరి సొమ్ము తిన్నానని నా మీద కేసు. తీగ చుట్ట పోయిందని అతని మీద కేసు. నేను ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకున్నాను" అని రాశాడు. ఇంకో పేజీలో ఇలా ఉంది: "మోకాళ్ళ నొప్పితో నేల మీద నుంచి లేవలేకపోతుంటే, అడక్కుండానే తన దుప్పటి మడిచి నా కింద వేశాడు. తనకి చలి వేయదన్నాడు. అది చలికాలం."

టైపక్క ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. "ఉంచి వెళ్ళండి అన్నయ్యగారూ" అంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ భర్త, "మా అమ్మకి ఏం చెప్తావు?" అన్నాడు.

"ఉన్నదే చెప్తాను. జైల్లో ఒక వడ్రంగి ఉన్నాడని చెప్తాను."

ఆయన తన డబ్బాలో కూర సగం ఆమె వైపు జరిపాడు.

కోర్టు పని లేని గంటల్లో కూర్చుని పదిరోజుల్లో ఆమె తొమ్మిది నోటు పుస్తకాలూ పూర్తి చేసింది. ఫైనాన్సాయన కాగితాల కట్ట అందుకుని మొదటి పేజీ చూశాడు. రెండో పేజీ తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు.

"1. నేను వాన కురుస్తున్న ఒక ఉదయమున జన్మించితినని సవినయంగా విన్నవించుకొనుచున్నాను. 2. మా తల్లిగారు నన్ను చంకనెత్తుకుని బడికి తీసుకువెళ్ళినారని విన్నవించుకొనుచున్నాను."

అన్ని పేజీలూ అంతే. పేరాలన్నిటికీ నంబర్లు. ప్రతి అధ్యాయం చివరా, "పై పేరాలలో తెలిపిన విషయములన్నియు నాకు తెలిసినంతవరకు నిజమని, ఏదియు దాచలేదని ధ్రువీకరించుచున్నాను" అని ఒక వాక్యం, దాని కింద గీత, గీత కింద 'సంతకం'.

"ఏంటమ్మా ఇది? పుస్తకం అడిగితే తొమ్మిది పిటిషన్లు చేతిలో పెట్టావు."

జిరాక్సాయన ఒక కాగితం లాక్కుని చదివాడు. ఆయనకు నవ్వాగలేదు. "పుట్టినందుకు కూడా దరఖాస్తు పెట్టుకున్నారా సార్? ఎవరికి, మంత్రసానికా?"

టైపక్కకి తల కొట్టేసినట్టయింది. కళ్ళు నోటు పుస్తకం మీదా, మనసు అందులోని మనుషుల మీదా ఉంటే, వేళ్ళు ముప్పై మూడేళ్ళుగా తెలిసిన దారినే పోయాయి. ఆమె ఒక్కసారి కూడా చూసుకోలేదు. "ఒక్క రోజు ఆగండి అన్నయ్యగారూ, అన్నీ తీసేస్తాను" అని కట్ట వెనక్కి తీసుకుంది.

తీసేద్దామని కూర్చుంది కూడా. ఆరో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నంబర్ల వారీగా చూస్తే అందులో అన్నీ ఉన్నాయి. పట్టుకెళ్ళిన తేదీ, కేసు నంబరు, బెయిలొచ్చిన తేదీ, జామీను షరతు, అది తీర్చలేని కారణం. ఇలాంటి కాగితాలు ఆమె వేలల్లో కొట్టింది. పుస్తకం అచ్చై, ఎవరో చదివి, ఎవరికో జాలి పుట్టేదాకా అతను లోపల ఉండాల్సిన పనిలేదు. ఆమె ఆ అధ్యాయం ఆరు పేజీలూ తీసుకుని, మర్నాడు కట్ట కోసం వచ్చి గుమ్మం బయట కూర్చున్న ఫైనాన్సాయనను లేపి, కోర్టు వెనకవైపు ఉచిత న్యాయ సాయం గదికి నడిచింది.

అక్కడి లాయరమ్మ వయసులో చిన్నది. బల్ల మీద ఫైళ్ళు ఆమె తల దాటి పోయాయి. నిలబడే ఆరు పేజీలూ చదివింది. "ఈ ఫైలు నా దగ్గరే ఉంది" అని నెమ్మదిగా అంది. "నేను వచ్చి ఐదు నెలలైంది. బెయిలొచ్చింది కదా అని పక్కన పెట్టాను. మనిషి వెళ్ళిపోయాడనుకున్నాను." తప్పు ఒప్పుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. టైపక్క ఆ పిల్ల వైపు ఆప్యాయంగా చూసింది.

"జామీను తీసేసి, సొంత పూచీ మీద వదలమని అడుగుదాం. జైలుకెళ్ళి అతని వేలిముద్ర తెస్తాను. ఇది మీ అఫిడవిట్‌గా జతచేస్తాను. మీరు లోపలున్నన్నాళ్ళూ అతని కోసం ఎవరూ రాలేదని కళ్ళారా చూసినవారు మీరే కదా." అంటూ ఆమె ఫైనాన్సాయన వైపు తిరిగింది. "అయితే సార్, మీరు శిక్ష పడిన మనిషి. ప్రభుత్వ ప్లీడరుగారి మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది. ఏం చెప్తారు?"

"నేను ఎవరినీ మోసం చేయలేదని చెప్తాను. అప్పు తీసుకున్న వాళ్ళు ఎగ్గొట్టారు. మూడో అధ్యాయమంతా అదే."

లాయరమ్మ కాగితాలు బల్ల మీద పెట్టింది. "రెండు కోర్టులు తేల్చిన దాన్నే మీరు కాదంటే, మీరు ఔనన్న దాన్ని జడ్జిగారు ఎలా నమ్ముతారు? ఆలోచించుకోండి. బుధవారం వేయాలి. శుక్రవారం బెంచి మీదికి వస్తుంది."

మంగళవారం ఫైనాన్సాయన సంతకాలు పెట్టడానికి వచ్చాడు. అధ్యాయాల కింద గీతలు ఉండనీయమని తనే చెప్పాడు. "నీ వేళ్ళు చేసిన పని బాగానే ఉందమ్మా. ఇలా సంతకం పెట్టి అచ్చేస్తే ఎవరూ కథ అనరు" అన్నాడు. మొదటి అధ్యాయం కింద పెట్టాడు, రెండో దాని కింద పెట్టాడు, మూడోది పక్కన పెట్టి, నాలుగు నుంచి తొమ్మిది దాకా పెట్టుకుంటూ పోయాడు. మూడోది మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. కలం మూత పెట్టాడు, తీశాడు.

"చెయ్యి నొప్పెట్టిందేమో" అన్నాడు జిరాక్సాయన, మిషను వైపే చూస్తూ.

"మీరు కాసేపు ఊరుకోండి" అంది టైపక్క. మూడో అధ్యాయం చేతిలోకి తీసుకుంది. "చదివి వినిపిస్తాను అన్నయ్యగారూ. ఇక్కడ సంతకం పెట్టే వాళ్ళందరికీ చదువుతాను."

"నాకు చదువొచ్చమ్మా."

"అయినా వినండి."

ఆమె గొంతులో తిట్టు లేదు, జాలి లేదు. భూమి తగాదాలో ముసలాయనకి చదివినట్టే చదివింది. ప్రతి పేరా చివరా, "ఇది సరేనా?" అంది. ఆయన తల ఊపుతూ వచ్చాడు. పద్నాలుగో పేరా వచ్చింది. "నేను తెలిసి ఎవరినీ మోసం చేయలేదని విన్నవించుకొనుచున్నాను. ఇది సరేనా అన్నయ్యగారూ?"

తల ఊగలేదు. బయట టీ కొట్టతను గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. టైపక్క తొందర పెట్టలేదు. మళ్ళీ చదివింది, మళ్ళీ అడిగింది.

"అది కొట్టేయమ్మా" అన్నాడు చివరికి.

"నంబరు ఖాళీగా ఉండకూడదు. అక్కడ ఏం రాయమంటారు?"

ఆయన నేల వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వేళ్ళు వెంట నడిచాయి. "చివరి ఆరు నెలలు కంపెనీ నిలబడదని నాకు తెలుసు. తెలిసీ డిపాజిట్లు తీసుకున్నాను. పాతవాళ్ళకి కొత్తవాళ్ళ డబ్బు ఇచ్చి నెట్టుకొచ్చాను. ఆఖరి నెలలో నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఒకావిడ వచ్చింది. రెండో కంటి ఆపరేషను దాకా దాచిపెట్టమంది. మీ కంటికంటే జాగ్రత్తగా చూసుకుంటాను అన్నాను. కుర్చీలోంచి లేచి, తలుపు దాకా చెయ్యి పట్టుకుని దింపాను. అప్పటికే నాకు తెలుసు."

జిరాక్సాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. దర్జీ కొట్టు అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి మూడో అధ్యాయం కింద సంతకం ఉంది, ఫైనాన్సాయన కళ్ళజోడు చేతిలో ఉంది.

"రెండూ కలిపే కోర్టులో పెట్టమని చెప్పమ్మా, ఇదీ ఆరోదీ" అన్నాడు.

"ఎన్ని కాపీలు?" అన్నాడు జిరాక్సాయన భార్యతో.

"మూడు."

ఆయన నాలుగు తీశాడు. మూడు ఇచ్చి, మూడో అధ్యాయం కాపీ ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మకి చదవాలి" అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "ఆవిడ ఏమంటుందో నాకు తెలియదు. నేను మాత్రం ఇప్పుడే ఏమీ అనలేను."

"అనక్కర్లేదు బాబూ" అన్నాడు ఫైనాన్సాయన.

శుక్రవారం ఉదయం టైపక్క కొట్టు భర్తకి అప్పగించి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుంది. అన్నేళ్ళుగా లోపలికి కాగితాలు పంపిందే గానీ, అవి ఏమవుతాయో కూర్చుని చూసింది తక్కువ. లాయరమ్మ చెప్పిందే జరిగింది. ప్రభుత్వ ప్లీడరు లేచి, "శిక్ష పడిన మనిషి మాట మీద నడుస్తున్న పిటిషను ఇది. ఈయన ఊరందరినీ మోసం చేశాడు" అన్నాడు.

జడ్జిగారు ఫైనాన్సాయన వైపు చూశారు. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"చేశానండి. ఎలా చేశానో మూడో అధ్యాయంలో పద్నాలుగో పేరాలో ఉంది, చూడండి. నాకు పడ్డ శిక్ష న్యాయమే. అది ఎప్పుడు మొదలైందో తెలుసు, ఎప్పుడు అయిపోతుందో కూడా తెలుసు. అతను రోజూ పొద్దున్న నన్ను ఒకటే అడిగేవాడు, నాకెంత పడింది సార్ అని. ఏమీ పడలేదని చెప్పేవాణ్ణి. మరి ఎందుకున్నాను అనేవాడు. దానికి నా దగ్గర జవాబు లేక ఈ కాగితాలు రాశాను."

జడ్జిగారు మూడో అధ్యాయం తీసి చదివారు, తరవాత ఆరోది చదివారు. జైలు నుంచి వచ్చిన రిజిస్టరు పేజీలు తిప్పించి చూశారు. వడ్రంగిని చూడ్డానికి ఎవరూ రాలేదు, అతని పేరున ఒక్క ములాఖత్ కూడా లేదు. ప్రభుత్వ ప్లీడరు ఏదో చెప్పబోయి, తనే ఆగి, "అభ్యంతరం లేదు" అని కూర్చున్నాడు. టైపక్కకి ఆయన మీద ఉన్న కోపం అక్కడే పోయింది. సొంత పూచీ మీద విడుదలకి ఆర్డరు అయింది.

లాయరమ్మ సంతోషంతో చేతులు పట్టుకోబోతే టైపక్క గడియారం చూసింది. "ఆర్డరు టపాలో వెళ్తే ఇవాళ అందదమ్మా. రేపూ ఎల్లుండీ సెలవులు. సోమవారం ఏ గుమాస్తా బల్ల కింద పడుతుందో. పద్నాలుగు నెలలు అలాగే పోయాయి. చేతికి ఇప్పించు, నేనే తీసుకెళ్తాను."

నకలు ఇచ్చే గదిలో బెంచి గుమాస్తా భోజనానికి లేవబోతున్నాడు. టైపక్కను చూసి మళ్ళీ కూర్చున్నాడు. "మీరు పెద్దగా ఏదీ అడగరు. ఇవాళ అడిగారు" అని ముద్ర కొట్టి ఇచ్చాడు. అటెండరు ఆ కాగితం తడవకుండా ఒక ప్లాస్టిక్ కవరు వెతికి పెట్టాడు. బయట చినుకులు పడుతున్నాయి.

బస్సు దిగి జైలు గోడ కనపడగానే ఫైనాన్సాయన ఆగిపోయాడు. "ఇంక ఈ గేటు మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నానమ్మా" అన్నాడు. "ఇక్కడే కూర్చోండి" అని ఆయన్ని బస్టాపు బల్ల మీద కూర్చోబెట్టి ఆమె ఒక్కతే వెళ్ళింది.

లోపల కిటికీ వెనక ఉన్న మనిషి కాగితం చూసి, "ఇది టపాలో రావాలండి. సోమవారం చూద్దాం" అన్నాడు.

"చేతికి ఇవ్వొచ్చని ఆర్డరులోనే రాశారు, కింద చూడండి."

"కోర్టు నుంచి ఫోనైనా రావాలి."

"చేయండి. బెంచి గుమాస్తా ఐదున్నర దాకా ఉంటారు."

"ఆరు దాటితే ఎవర్నీ వదలరమ్మా. మీరు వెళ్ళిరండి."

"కూర్చుంటాను" అంది టైపక్క. కిటికీ ఎదురుగా ఉన్న బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోపంగా చూడలేదు, బతిమాలలేదు. అతను తల ఎత్తినప్పుడల్లా ఆమె అక్కడే ఉంది. నాలుగుంపావుకి అతను నీళ్ళ సీసా ఒకటి కిటికీలోంచి జరిపాడు. నాలుగున్నరకి ఫోను తీశాడు.

ఆరుకి పది నిమిషాలుందనగా చిన్న తలుపు తెరుచుకుంది. పొడుగాటి చేతుల మనిషి ఒకడు తల వంచి బయటికి వచ్చాడు. చంకలో దుప్పటి ఉంది. రోడ్డు వైపు, ఆకాశం వైపు చూశాడు గానీ ఎటు నడవాలో తేల్చుకోలేకపోయాడు. టైపక్క ఎదురెళ్ళి, తను ఎవరో, ఆర్డరులో ఏముందో, మళ్ళీ ఏ తేదీన కోర్టుకి రావాలో చెప్పింది. అతను తేదీని మూడుసార్లు పైకి అనుకున్నాడు. అప్పటికే ఫైనాన్సాయన బస్టాపు వదిలి, వానలోనే, గేటు దాకా నడిచి వచ్చేశాడు. ఇద్దరూ ఒకరి మోచేతులు ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

"మీ మోకాళ్ళెలా ఉన్నాయి సార్?" అన్నాడు వడ్రంగి.

"ఉన్నాయిలే. నడువు, ఇవాళ మా ఇంటికి."

వడ్రంగి కదల్లేదు. టైపక్క వైపు తిరిగాడు. "అమ్మా, కాగితం రాసేది మీరేనా? లోపల నాలాగే బెయిలొచ్చి ఉండిపోయిన వాళ్ళు పదకొండు మంది ఉన్నారు. పేర్లూ కేసు నంబర్లూ అన్నీ అడిగి పెట్టుకున్నాను. రాసుకోవడానికి ఏమీ లేదు, మనసులోనే పెట్టుకున్నాను. కొలతలు గుర్తుపెట్టుకునే పని కదా మాది."

ఊళ్ళోకి వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు వీళ్ళ వైపు చూసి, కాసేపు ఆగి, విజిల్ వేశాడు. టైపక్క ఇద్దరినీ బస్టాపు రేకు కిందికి నడిపించి, బల్ల మీద కూర్చుంది. సంచీలోంచి ఒక తెల్ల కాగితం లాగి, ఒళ్ళో సంచీ మీద పెట్టుకుని, కలం తీసింది.

"మెల్లగా చెప్పు నాయనా. మొదటి ఆయన పేరేంటి?"